గాజుల మహబూబీ పింఛను దరఖాస్తు

సిద్దిపేట మండలాఫీసు గేటు ఎదురుగా, జిరాక్సు డబ్బా నీడలో ఒక బల్ల, రెండు స్టూళ్లు, ఒక నల్ల గొడుగు ఉండేవి. అదే నా కచేరి. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు నన్ను బయట నిలబెడితే నేను మళ్లీ లోపలికి పోలేదు. పోయి ఉంటే ఈ జిల్లాకు ఇంకొక గుమాస్తా దొరికేవాడేమో గాని, ఇంత మంచి దరఖాస్తు రాసేవాడు దొరికేవాడు కాదు. నేను రాసిన బోరుబావి అర్జీ చదివి ఒక పెద్ద అధికారి కుర్చీలోనే ఏడ్చి, కళ్లజోడు తుడుచుకోవడానికి గుడ్డ దొరక్క నా అర్జీతోనే తుడుచుకున్నాడని చెబుతుంటాను. నమ్మనివాళ్లు ఇంకో గొడుగు వెతుక్కోవచ్చు.

అలాంటి లక్ష్మీరాజాన్ని, నేను కూడా ఒక్క దరఖాస్తు గురించి గొప్పలు చెప్పుకోను. అది గాజుల మహబూబీ ఖాలాది. తొంభై ఆరు ఎండాకాలంలో రాశాను.

మహబూబీకి అప్పటికి డెబ్భై ఏళ్లు. పొట్టి మనిషి, నోరు మాత్రం పొడుగు. గల్లీ అంతటికీ ఖాలా, అంటే పిన్ని. గాజులు తొడిగే ఇంట్లో పుట్టింది. వాళ్లమ్మ, వాళ్లమ్మమ్మ కూడా తాళ్లకు గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగినవాళ్లే. మా దగ్గర పెళ్లికూతురికి గాజులు దుకాణంలో కొని వేయడం అప్పట్లో లేదు. ఇంటికి ఆనవాయితీగా వచ్చే గాజులామె రావాలి, పీట మీద కూర్చోవాలి, పిల్ల చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని తొడగాలి. ఒక్కటి కూడా పగలకుండా ఎక్కితే ఆ కాపురానికి ఢోకా లేదని నమ్మకం. మహబూబీ చేతిలో గాజు పగిలిందని విన్నవాళ్లు లేరు. "నువ్వు దున్నపోతు కాలుకు గూడ చిట్టిగాజు ఎక్కిస్తవ్ ఖాలా" అని నేనంటే, "ఏదీ, నీ కాలు ఇటు తే" అనేది.

ఇంతవరకు వినడానికి బాగానే ఉంటుంది. అసలు సంగతి ఏమిటంటే, సిద్దిపేటలో పుట్టి సిద్దిపేటలో పండిపోయిన ఈ మనిషి కాగితాల మీద పాకిస్తానీ.

ఆమె భర్త ఖుతుబుద్దీన్ నిజాం కాలంలో సుంకం నాకా దగ్గర జవాను. పోలీసు యాక్షన్ తర్వాత ఆ కొలువు పోయింది. కరాచీలో కొలువులు దొరుకుతున్నాయని ఎవరో చెబితే యాభయ్యో సంవత్సరంలో పెళ్లాన్ని తీసుకుని వెళ్లాడు. అక్కడ ఓడరేవులో బండి లాగి లాగి, ఐదో ఏట జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. అక్కడ ఆమెను పలకరించేవాళ్లు లేరు. ఇక్కడినుంచి తమ్ముడు "వచ్చెయ్యి అక్కా" అని ఉత్తరం రాశాడు. రావాలంటే పాస్‌పోర్టు కావాలి. ఆ దేశంలో ఉన్న మనిషికి ఆ దేశపు పాస్‌పోర్టే ఇస్తారు కదా! అది పట్టుకుని, మూడు నెలల అనుమతితో, యాభై అయిదులో పుట్టింటి గడప ఎక్కింది.

మూడు నెలలకని వచ్చి నలభై ఒక్క ఏళ్లు ఉంది. ఏడాదికోసారి గడువు పొడిగించమని అర్జీ, రెండు ఫోటోలు, సంగారెడ్డికి ప్రయాణం. ఊరు దాటాలంటే ఠాణాలో చెప్పి పోవాలి. నంగునూరు ఎంత దూరమని? అక్కడి పెళ్లికి పిలిచినా పోయేది కాదు. "నాకు బస్సు పడదు, వాంతులైతయి" అని చెప్పేది. ఓటు చీటీలు పంచేవాళ్లు గల్లీలోకి వస్తే తలుపు దగ్గరికి వేసుకునేది. రేషన్ కార్డులో పేరు లేదు. సర్కారు నుంచి ఏదీ అడగకపోతే సర్కారు తనను చూడదని ఆమె లెక్క.

ఆ భయం ఊరికే పట్టుకున్నది కాదు. అరవై అయిదు యుద్ధమప్పుడు ఇద్దరు పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. పదకొండు రోజుల తర్వాత తిరిగి వచ్చింది. ఆ పదకొండు రోజులు ఎక్కడ ఉంచారో, ఏమడిగారో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు పక్క గల్లీలో గడియారాలు బాగుచేసే జహీరుద్దీన్‌ను సికింద్రాబాదులో రైలెక్కించి సరిహద్దుకు పంపేశారు. ఆయనదీ ఇలాంటి పాస్‌పోర్టే. ఎవరో సాయం చేస్తామంటే ఇంటి జాగ కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. విచారణలో బయటపడింది. అటువైపు ఆయనకు నా అనేవాళ్లు ఒక్కరూ లేరు. వెళ్లినాక ఒక్క కార్డు ముక్క కూడా రాలేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ ఏడు మహబూబీ కళ్లు మసకబారాయి. ఒక పెళ్లిలో గాజు కొలత తప్పింది. పెళ్లికూతురి మణికట్టు తెగి పీట మీద రక్తం కారింది. ఆ రోజుతో పిలుపులు ఆగిపోయాయి. ఆమె ఉంటున్నది చెల్లెలి బిడ్డ రబియాబీ ఇంట్లో. రబియాబీ బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. ఒకరోజు ఆమె తునికాకు కట్ట చంకలో పెట్టుకుని నా గొడుగు కిందికి వచ్చింది.

"రాజం అన్నా, ఖాలా పొద్దుగాల తినుడు బంజేసింది. ఏందంటే రోజా ఉన్న అంటది. రంజాన్ పోయి మూన్నెల్లాయె, ఇంకేం రోజా? పిల్లలకు తక్కువైతదని ఆమె నాటకం. అరవై అయిదేండ్లు దాటిన ముసలోళ్లకు పింఛిని ఇస్తున్రట గదా. నెలకు డెబ్భై అయిదు. నువ్వు రాస్తె అయితదంటున్నరు."

నువ్వు రాస్తే అవుతుంది అన్నారంటే నేను ఆగే మనిషినా? ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయాను. మహబూబీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సంగతి చెప్పగానే ముఖం మారిపోయింది.

"వద్దు బిడ్డా. సర్కారు నన్ను మర్సిపోయింది. నువ్వు యాది చెయ్యకు."

"ఖాలా, సిద్దిపేటల సగం చేతులు నువ్వు పట్టుకున్నయే. నీకియ్యకపోతె ఎవ్వలికిస్తరు?"

"జహీరుద్దీన్‌కు గిట్లనే చెప్పిన్రు."

"గాయిన అర్జీ నేను రాసిన్నా? చెప్పు! నేను రాస్తె రైలు గూడ ఎనుకకు నడుస్తది."

"నీ నోట్లె మన్నువొయ్య" అని నవ్వింది. రబియాబీ చిన్నపిల్ల సత్తుగిన్నె నాకుతూ వచ్చి ఆమె ఒళ్లో పడింది. మహబూబీ ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది. "పేరు ఒక్కటే రాయి. ఇంకేం రాయకు" అంది.

ఫారం నింపాను. పేరు, తండ్రి పేరు, వయసు. ఎంతకాలంగా నివాసం అన్నచోట "పుట్టినప్పటినుంచి" అని రాసి ఐదేళ్ల కరాచీని మింగేశాను. పైనుంచి కిందికి అన్నీ చదివి వినిపించాను. కింద అచ్చువేసిన వాక్యం ఒకటి ఉంది: "నేను భారత పౌరురాలినని, పై వివరాలు నిజమని, తప్పయిన పక్షంలో శిక్షకు బాధ్యురాలినని ప్రమాణం చేస్తున్నాను." అది చదవలేదు. చదివితే వేలు వెనక్కి తీసుకుంటుందని నాకు తెలుసు.

"గంతేనా?" అంది.

"గంతే" అన్నాను. వేలిముద్ర వేసింది.

తర్వాత గల్లీలో అందరికీ చెప్పి పెట్టాను, విచారణకు ఎవరొచ్చినా కరాచీ మాట ఎత్తవద్దని. వయసుకు కాగితం లేదు కాబట్టి పెద్దమనిషి సాక్ష్యం కావాలి. దానికి పద్మమ్మను ఒప్పించాను. పద్మమ్మ సిద్దిపేటలోనే పుట్టి సిద్దిపేటలోనే మెట్టిన పటేలు ఇంటి మనిషి. నాలుగు దుకాణాల కిరాయి వస్తుంది, యాభై ఎనిమిదేళ్లు. ఆమెకూ మహబూబీకీ ఎదురుపడితే చాలు మాటలతో పొడుచుకోకుండా పొద్దు పోదు. అది లేనినాడు ఇద్దరికీ అన్నం దిగదు.

"పటేలమ్మా, చిన్నప్పటినుంచి ఎరుక అని చెప్పుండ్రి. గంతే. ఎక్కువ మాట్లాడొద్దు" అన్నాను.

"ఓరి రాజిగా, బడి ఎగ్గొట్టినోనివి నువ్వు నాకు పాఠం చెప్తవురా?" అంది.

విచారణ చేసే రెవెన్యూ అధికారి, కొత్త గిర్దావర్ దామోదర్ పదిహేను రోజులకు వచ్చాడు. అప్పుడే బదిలీ మీద వచ్చినవాడు, ఈ ఊరి సంగతులు తెలియవు. పదకొండు గంటల ఎండలో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. మంచివాడిలాగే కనిపించాడు, అదే నా కొంప ముంచింది. నేను కొంచెం ధైర్యం చేసి, పింఛను రాగానే ఖాలా మీకు వెండి గాజు చేయిస్తుందని కూడా ఎగతాళి చేశాను. మహబూబీ గుమ్మంలో తలమీద కొంగు లాక్కుని నిలబడి ఉంది.

"ఈమెకు అరవై అయిదు దాటినయని మీకెట్ల తెలుసమ్మా?" అని పద్మమ్మను అడిగాడు.

"ఎట్ల తెల్వది సారూ? నేను పావడ కట్టుకొని తిరిగేనాడు ఆమె పెండ్లయిన మనిషి. నన్ను ఒళ్లె కూసోబెట్టుకొని చిట్టిగాజులు తొడిగింది. నేను ఏడ్సి చెయ్యి కొరికిన. గా గుర్తు ఇప్పటికీ ఉన్నదంటది, నాకు సూపెట్టది గని."

గిర్దావర్ నవ్వాడు. రాసుకున్నాడు. పని అయిపోయింది. ఆయన కలం మూత పెట్టబోతూ, మర్యాదకు ఒక మాట అన్నాడు:

"అయితె మీ పెండ్లిగాజులు గూడ ఈమె చేతివేనన్నట్టు."

నలభై ఒక్క ఏళ్లుగా పద్మమ్మ మహబూబీని దెప్పుతున్నది ఆ ఒక్క విషయానికే. ఆమె నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఏడ తొడిగింది? గదే అడుగున్రి ఆమెను! నా పెండ్లికి బయటామెను పిలిపిస్తె మూడు గాజులు పలిగినయి. మా అత్త సచ్చేదాక సాధించింది నన్ను. ఈ మహారాణి ఏడున్నది? కరాచిల కూసున్నది మొగనితోని!"

అని, నవ్వుతూ మహబూబీ వైపు తిరిగింది. రోజూ అయితే మహబూబీ "నీది బండచెయ్యి, పలగక ఏమైతది" అనాలి. ఆ జవాబు కోసమే తిరిగింది. జవాబు రాలేదు. లోపల రబియాబీ బీడీలు చుట్టే చాట చప్పుడు ఆగిపోయింది. పద్మమ్మ నవ్వు ముఖం మీదే ఉండిపోయి, మెల్లగా అర్థమై, కొంగు నోట్లో కుక్కుకుంది.

గిర్దావర్ కలం మూత మళ్లీ తీశాడు. "కరాచీనా?"

అక్కడ నేను లేచాను. నా తెలివి మీద నాకంత నమ్మకం. "గా కరాచీ గాదు సార్. మర్కూక్ అవుతల ఒక చిన్నపల్లె ఉన్నది, ఎగతాళికి గట్ల పిలుస్తరు. నీళ్లు ఉప్పగుంటయని..."

"మర్కూక్ల నేను మూడేండ్లు నౌకరి చేసిన" అన్నాడు గిర్దావర్. "అక్కడ అసొంటి పల్లె లేదు."

ఆయన ఫారం తీసి, అచ్చువేసిన ఆ చివరి వాక్యం పైకి చదివాడు. ఒక్కో మాట ఆపి ఆపి చదివాడు. మహబూబీ అది వినడం అదే మొదటిసారి. పౌరురాలు అన్నచోట ఆమె చెయ్యి గుమ్మం చెక్కను పట్టుకుంది. శిక్ష అన్నచోట కూర్చుండిపోయింది.

"ఇది తప్పు ప్రమాణం. పైనుంచి పరదేశి మనిషి. కేసైతది, తెలుసా? రాజం, నువ్వు గిది ఆమెకు సదివి ఇనిపించినవా లేదా?"

లేదంటే కేసు నా మీద. అవునంటే ఆమె మీద, ఆమెకు కేసు అంటే రైలు. నేను నోరు తెరిచాను. అందులోంచి ఏం వచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే ఆమె ముందే మాట్లాడింది.

"సదివిండు సార్. నాకే చెవులు సరిగ ఇనరావు."

నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

గిర్దావర్ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు పదకొండింటికి ఆఫీసుకు రాండ్రి. పాస్‌పోర్టు పట్టుకొని" అని వెళ్లిపోయాడు.

ఆయన గల్లీ మలుపు తిరిగాడు. తర్వాత మహబూబీ నన్ను ఒకటే అడిగింది.

"ఇప్పుడే తీస్కపోతరా, రేపా?"

"ఎవ్వలు తీస్కపోరు ఖాలా."

"గా దేశంల నాకు ఎవ్వలు తెల్వదు రాజం. నా మొగని గోరీ ఏడున్నదో గూడ యాదికి లేదు. నన్ను గాడ దించితె ఎటు నడవాలె?"



మర్నాడు తొమ్మిదింటికే, ఆమె కంటే ముందు, ఆఫీసుకు పోయాను. గిర్దావర్ ముందు నిలబడి నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. ఫారం నింపింది నేను. నివాసం గురించి అబద్ధం రాసింది నేను. చివరి వాక్యం ఆమెకు చదవలేదు. ఆమెకు చదువు రాదు. కింద సంతకం. నా జన్మలో గొప్పలు లేకుండా రాసిన కాగితం అదొక్కటే.

గిర్దావర్ రెండుసార్లు చదివాడు. "గిది లోపల వెడితె నీ బల్ల గేటు ముంగట ఉండదు. తెలుసా?"

"తెలుసు సార్."

"నీ మీద కేసు గూడ కావచ్చు."

"తెలుసు సార్" అన్నాను. కాళ్లు మాత్రం బయటికి పోదామంటున్నాయి.

పదకొండింటికి మహబూబీ వచ్చింది. రబియాబీ ఒకవైపు, పద్మమ్మ ఒకవైపు పట్టుకున్నారు. ఆమె ఒడిలోంచి గుడ్డసంచి తీసి, అందులోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. దాని మూలలు అరిగి గుండ్రమయ్యాయి. గిర్దావర్ అది తిరగేసి, ఫారం మీద ఎర్ర సిరాతో రాసి, మాకు చదివి చెప్పాడు: "దరఖాస్తుదారు భారత పౌరురాలు కానందున అనర్హురాలు."

"పింఛిని రాదు. నా చేతుల లేదు" అన్నాడు. "కేసు పెట్టమని నేను రాస్తలేను. ఈ రాజం ఇచ్చిన కాగితం ఉన్నది గనక నీది తెలివక చేసిన తప్పు అని రాస్తున్న. కని, తెలిసినంక పోలీసోళ్లకు పంపకుంటె నా నౌకరి పోతది. గీ కాగితం సంగారెడ్డికి పోతది. అటెన్క వాళ్లిష్టం."

"ఎన్ని దినాలకు చెప్తరు సార్?" అని పద్మమ్మ అడిగింది.

"చెప్పరాదు."

నా బల్ల ఆ మధ్యాహ్నమే లేపేశారు. పోనీ, గొడుగు నాదే.

జవాబు నలభై రెండు రోజులకు వచ్చింది. ఆ నలభై రెండు రోజులు మహబూబీ గడప దాటలేదు. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా కొంచెం గట్టిగా వినిపిస్తే మాట మధ్యలో ఆపేది. రెండు చీరలు, మందుసీసా, ఖుతుబుద్దీన్ ఫోటో ఒక మూటలో కట్టి పెట్టుకుంది. పద్మమ్మ రోజూ పూటకింత అన్నం టిఫిన్‌లో తెచ్చేది.

"నీ పింఛిని నేనిస్త మహబూబీ. నెలనెల. నా నోరు తగలవడ" అంది మొదటిరోజు, ఏడుస్తూ.

"పైసలొద్దు పటేలమ్మా. నువ్వు మాట్లాడకుంటె సాలు" అంది మహబూబీ. అన్నం మాత్రం తిన్నది. ఆకలి అయిన మనిషి తిన్నట్టే తిన్నది.

నలభై రెండో రోజు ఒక కానిస్టేబుల్ కాగితం తెచ్చాడు. అందరూ నా చేతిలో పెట్టారు. పంపించేస్తున్నట్టు అందులో లేదు. ఉండనిస్తున్నట్టు కూడా పూర్తిగా లేదు. ఎప్పుడూ ఏడాదికి పొడిగించే గడువు ఈసారి ఆరు నెలలకు పొడిగించారు. ప్రతి సోమవారం ఠాణాకు వచ్చి హాజరు వేయాలి. ఒక్క హాజరు తప్పినా అనుమతి రద్దు.

"ఆరు నెలలైనంక?" అంది రబియాబీ.

కాగితంలో అది రాసి లేదు.

సోమవారాలు నేనే తోలుకుపోతాను. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని నడుస్తుంది. కాళ్లు ఆగకుండా ఉండాలని దారిపొడుగునా అబద్ధాలు చెబుతాను. నేను ఈదుకుంటూ మంజీర దాటానని, మధ్యలో మొసలి తోక పట్టుకుని బీడీ అంటించుకున్నానని. "ఎవని దగ్గర చెప్తవురా" అంటుంది. ఠాణా కనిపించగానే ఆ మాట కూడా అనదు.

మూడో సోమవారం హాజరు రాసే రైటర్ కుర్చీ ఖాళీగా ఉంది. బందోబస్తుకు పోయాడట, రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేసుకుని. "రేపు రాండ్రి" అన్నాడు గేటు దగ్గర ఉన్నాయన. మహబూబీ కదల్లేదు.

"సోమారమంటె సోమారమే సార్. రేపు మంగళారమైతది."

మెట్ల పక్కన ఎండలో కూర్చుంది. నీడలోకి రమ్మంటే రాలేదు. నీడలో ఉంటే వచ్చినవాళ్లకు కనపడనేమో అంది. పన్నెండయింది, రెండయింది. నీళ్లు ఇస్తే తాగలేదు, తాగితే పక్కకు పోవాల్సి వస్తుందని. నాకు చెప్పడానికి ఒక్క అబద్ధం కూడా మిగల్లేదు. నాలుగు దాటాక రైటర్ వచ్చాడు. తాళం తీసి, ఆవులిస్తూ రిజిస్టరు ముందుకు తోశాడు. ఆమె బొటనవేలు పట్టుకుని సిరాడబ్బాలో అద్ది, గడిలో నొక్కాడు. సరిగ్గా పడిందా అని ఆమె రెండుసార్లు అడిగింది. పడిందన్నాడు.

బయటికి వచ్చాక నా రుమాలు ఇచ్చాను, వేలు తుడుచుకోమని. తీసుకోలేదు. ఇంటిదాకా, బజారు మధ్యలోంచి, ఆ నల్లటి వేలు పైకి పట్టుకునే నడిచింది. ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి.